ఒక నంబర్ వచ్చింది చూడు

దుప్పటికి అటు కొస బావ పట్టుకున్నాడు. ఇటు కొస ఆమె.

దులపడం. మడవడం. రెండడుగులు ముందుకు. కొసలు కలపడం. మళ్లీ వెనక్కి.

ఇరవై ఆరు అయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయి.

వ్యాన్ సీట్ల మీద పరిచే తెల్ల దుప్పట్లు. ఆదివారం సాయంత్రం ఈ ఇంట్లో ఇదే పని. అక్కను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆమె కూడా ఓ కొస పట్టుకుంటుంది. మాటలు అక్కర్లేని పని. అందుకే ఇష్టం.

పక్క గదిలో అక్క గొంతు. ఫోన్‌లో.

"నీ బండి నాలుగు... నీ బెడ్ పదకొండు... ఐదు కాదు పెద్దమ్మా, ఐదున్నర. ఐదింటికే లేచి గుమ్మంలో కూర్చోకు."

తొమ్మిదేళ్లుగా అదే గొంతు. అవే అంకెలు.

కిడ్నీలు పాడైనవాళ్లు నూట నలభై మంది. వాళ్లను డయాలసిస్‌కి తీసుకెళ్లి, మళ్లీ ఇంట్లో దింపే వ్యాన్లు అక్కవి. మనిషికి వారానికి మూడుసార్లు. ఒకసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది. రెండుసార్లు తప్పితే ఊపిరాడదు.

ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది.

అక్క గొంతు ఎప్పుడూ ఆగదు!

ఆమె తలెత్తింది. గుమ్మంలో అక్క. ఫోన్‌ని గుండెకి ఆనించుకుని నిలబడింది.

"లెక్కల మాస్టారు రేపు బండి వద్దంటున్నారు."

"ఏం, ఊరెళ్తున్నారా?"

"డయాలసిస్ మానేస్తారట. ఏదో పొడి తాగుతారట. మన వెబ్‌సైట్‌లో మనమే రాశాం కదా అంటున్నారు."

బావ చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది.

అలసిపోయాడనుకుంది ఆమె. తెల్లవారకముందే లేచే మనిషి. అలాగే అనుకుని ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచింది.

సైట్ తెరిచింది.

పైన అక్క ఫొటో. పాత ఫొటో, నవ్వుతూ ఉన్నది. కింద పెద్ద అక్షరాలు.

డయాలసిస్ ఇక అవసరం లేదు. మా బండ్లు ఆపేస్తున్నాం. ఈ పొడి నలభై రోజులు వాడండి.

"అమ్మో..." అంది అక్క. గట్టిగా కాదు. కాళ్లు లాగినప్పుడు అనుకునేలా.

"నేను చూస్తాను. నువ్వు మాస్టారికి చెప్పు, అది మనది కాదని. తర్వాత మిగతావాళ్లకి."

"నూట నలభై మందికా?"

"ఫోన్ ఎత్తినవాళ్లకి."

బావ అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయాడు. బకెట్ చప్పుడు. వ్యాన్ కడుగుతున్నట్టున్నాడు.

ఆమె కుర్చీ లాక్కుంది.

ఆమె వృత్తే ఇది. కొట్టేసిన డొమైన్లు వెనక్కి తేవడం. డొమైన్ అంటే వెబ్‌సైట్ పేరు. ఇంటికి నంబర్ ప్లేటులాంటిది. ఆ ప్లేటు పీకి వేరే ఇంటికి తగిలిస్తే, వచ్చేవాళ్లంతా ఆ ఇంటి తలుపే కొడతారు. పదకొండేళ్లుగా ఆమె అలాంటి ప్లేట్లు పీకి తెస్తూనే ఉంది. దొంగలు తగిలిస్తూనే ఉన్నారు.

సొంత అక్క ఇంటి ప్లేటే పోతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

టైమ్ చూసింది. ఐదు పది.

డొమైన్ రికార్డు తెరిచింది. పేరు కదిలింది మంగళవారం. వేరే కంపెనీకి బదిలీ అడిగారు. ఐదు రోజుల గడువు. ఆ లోపు ఓనర్ కాదంటే ఆగుతుంది. కాదనకపోతే...

గడువు ఈ సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది!

ఆరు దాటితే పేరు సముద్రం అవతల ఏదో కంపెనీ చేతిలో ఉంటుంది. అక్కణ్ణుంచి తేవాలంటే ఏళ్లు పడుతుంది. మాస్టారికి అన్నేళ్లు లేవు.

ఆ పొడి పేజీ ఏ సర్వర్ నుంచి వస్తోందో చూసింది. వేళ్లు ఆగిపోయాయి.

ఇది తెలిసిన సర్వరే. ఇంతకుముందు మూడు కేసుల్లో చూసింది.

దర్జీ.

వాడి అసలు పేరు ఎవరికీ తెలియదు. ఒకరి పేరు కత్తిరించి ఇంకొకరికి కుట్టి ఇస్తాడని ఈ వృత్తిలో వాళ్లు అలా పిలుస్తారు. మూడుసార్లూ ఆమే గెలిచింది. మూడోసారి ఓడిపోయాక వాడే ఫోన్ చేసి, మీకు నిద్ర ఉండదా మేడమ్, అని అడిగాడు.

ఆ నంబర్ ఇంకా ఉంది. నొక్కింది.

నాలుగో రింగుకి ఎత్తాడు. ముందు దగ్గు. తర్వాత మాట.

"చాలా రోజులైంది మేడమ్. ఆరోగ్యం బాగుందా?"

"డయాలసిస్ బండ్ల పేరు. వదిలెయ్."

"ఓ... అది మీ కేసా?"

"మా అక్క."

అటు ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.

"పొడివాళ్లకి మాటిచ్చేశాను. అయినా ఈసారి మీరేం చెయ్యలేరు."

"పోయినసారీ ఇదే అన్నావు."

"పోయినసారి దొంగిలించాను. ఈసారి ఇచ్చారు."

"ఏంటీ?"

"పాస్‌వర్డ్ ఇచ్చారు. కోడ్ ఇచ్చారు. బదిలీకి ఒప్పుకుంటున్నానని నొక్కారు. చేతిలో పెట్టారు మేడమ్! నా ఇన్నేళ్ల సర్వీసులో అంత మంచి మనిషిని చూళ్లేదు."

"ఎవరు?"

మళ్లీ దగ్గు.

"పేరు ఎవరి మీద ఉందో చూసుకోండి. మీకు నేను నేర్పాలా? ఉంటాను. నడుం పడుకోమంటోంది."

ఫోన్ పెట్టేశాడు.

ఆమె రికార్డు కిందికి జరిపింది. తొమ్మిదేళ్లలో ఎవరూ చూడని గడి అది.

ఫోన్ నంబర్, అక్కది. ఓనర్ పేరు... బావది.

గోడ అవతల బకెట్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి. అది జారింది అలసటవల్ల కాదు!

ఐదు ఇరవై ఎనిమిది.

పెరట్లో బావ వ్యాన్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గుడ్డ పొడిగానే ఉంది. బకెట్‌లో నీళ్లు నిండుగానే ఉన్నాయి. చేతిలో ఫోన్.

"పదహారుసార్లు చేశాను. ఎత్తడం లేదు," అన్నాడు, ఆమె అడక్కముందే.

"ఎవరికి?"

"బండ్లు చూసుకుంటామన్న ట్రస్టు వాళ్లకి."

"గొంతు బొంగురుగా ఉంటుందా? మాటకు ముందు దగ్గుతాడా?"

బావ తలూపాడు.

"బావా, అది ట్రస్టు కాదు. వాడు దొంగ."

"ఆ పొడి సంగతి విన్నప్పుడే తెలిసింది."

"పేరు ఎంతకిచ్చారు?"

"ఊరికే."

ఆమెకు నవ్వు రావాలి. రాలేదు. పక్కన కూర్చుంది. మెట్టు ఇరుకు.

"బండ్లు మేమే నడుపుతాం, జనాన్ని మేమే చూసుకుంటాం అన్నాడు. మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు, అమ్మాయ్."

"అక్కకు చెప్పాల్సింది."

"చెబితే ఒప్పుకుంటుందా? మొన్న స్నానానికి వెళ్లి గంటైనా రాలేదు. తలుపు తోసి చూశాను. గోడకానుకుని నిద్రపోతోంది. నీళ్లు పోతూనే ఉన్నాయి. చేతిలో ఫోన్! తడవకుండా పైకెత్తి పట్టుకుంది. నిద్దట్లో."

ఆయన గుడ్డను పిండాడు. అందులో నీళ్లు లేవు.

"కోడ్ అక్క ఫోన్‌కే వస్తుంది కదా. ఎలా తీసుకున్నారు?"

"అడిగాను. ఒక నంబర్ వచ్చింది చూడు అన్నాను. ఎవరితోనో మాట్లాడుతూనే చదివేసింది. ఏం నంబరని చూడనైనా లేదు."

చూడదు. రోజంతా ఎవరో ఒకరు నంబర్ అడుగుతారు. అక్క చెబుతుంది. బండి నంబర్, బెడ్ నంబర్, టోకెన్ నంబర్. ఈ ఇంట్లో అంకె అడిగితే, ఎందుకని ఎవరూ అనరు.

ఆమె లేచింది.

"రండి."

"పోలీసులకా?"

"మన పేరు ఇప్పుడున్న కంపెనీకి. ఇది దొంగతనమని నేనెంత అరిచినా వాళ్లు వినరు. మీరిచ్చారు, మీరే కాదనాలి. ఇరవై ఐదు నిమిషాలుంది."

కంపెనీ వాళ్ల లైన్ దొరకడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఒకే పాట. బావ బల్ల పక్కన నిలబడే ఉన్నాడు, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా. పక్క గదిలో అక్క. "అది మేం రాయలేదండీ... లేదండీ... పొడి తాగకండి... రేపు బండి వస్తుందండీ..."

ఐదు యాభై మూడు. పాట ఆగింది.

"చెప్పండి, మీకు ఎలా సాయపడగలను?" అటు ఓ అమ్మాయి గొంతు. అదీ అలసిపోయే ఉంది.

"బదిలీ రద్దు చెయ్యాలి. ఇది దొంగతనం."

"మేడమ్, రికార్డులో ఓనరే ఆమోదించినట్టుంది."

"ఓనర్ పక్కనే ఉన్నారు."

స్పీకర్ పెట్టింది. బావ పేరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు. మొదటిసారి తప్పు చెప్పాడు. రెండోసారి సరిగ్గా చెప్పాడు.

"రిజిస్టర్డ్ ఫోన్‌కి ఆరంకెల కోడ్ పంపాం సార్. చదవండి."

ఐదు యాభై ఆరు.

బావ మరదలి వైపు చూశాడు.

"నువ్వెళ్లి తీసుకురా."

"మీరే అడగండి బావా."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"ఏమే... ఒక నంబర్ వచ్చింది చూడు."

పక్క గదిలో మాట ఆగిపోయింది.

కుర్చీ జరిగింది. అడుగులు. అక్క గుమ్మంలోకి వచ్చింది. ఫోన్ చేతిలో ఉంది. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. వాటిని దించుకుంది.

ఈసారి చూసింది.

నెమ్మదిగా, స్కూల్లో పాఠం చదివినట్టు, పైనుంచి చదివింది.

"మంగళవారం... మీరు ఆమోదించిన... బదిలీని రద్దు చేయడానికి..."

ఆగింది.

బావను చూసింది. తర్వాత నేల మీది దుప్పటిని. అది పడినచోటే ఉంది. ఎవరూ తియ్యలేదు.

మంగళవారం. అదే మాట. అదే గొంతు. అక్క మొహంలో అన్నీ ఒక్కొక్కటిగా తమ చోటుకి చేరడం ఆమె చూస్తూ ఉండిపోయింది.

"సార్, లైన్‌లో ఉన్నారా?" ఫోన్‌లో అమ్మాయి. "ఇంకా రెండు నిమిషాలే ఉంది సార్."

ఎవరూ కదల్లేదు.

"సార్?"

"నాలుగు," అంది అక్క.

బావ ఫోన్‌ని మరదలి వైపు జరిపాడు.

"సున్నా... తొమ్మిది... తొమ్మిది..."

ఆ గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. బెడ్ నంబర్ చెప్పే గొంతు. అంతే.

"ఒకటి... ఆరు."

ఆమె ఆ ఆరంకెలూ ఫోన్‌లో మళ్లీ చెప్పింది. అటు కీబోర్డు టకటక. గడియారం చూడబుద్ధి కాలేదు. చూసింది. ఐదు యాభై తొమ్మిది.

టకటక ఆగింది.

"రద్దయింది సార్. పేరు మీ దగ్గరే ఉంది. ఇంకేమైనా సాయం కావాలా?"

ఇంకేమీ వద్దంది ఆమె.

ల్యాప్‌టాప్ తిప్పి పొడి పేజీ పీకేసింది, పాస్‌వర్డ్ మార్చింది. ఓనర్ గడి దగ్గర ఆగింది. అక్క పేరు పెట్టాలా? అడుగుదామని తలెత్తింది.

అక్క మడత పెట్టిన దుప్పట్ల దగ్గర నిలబడి ఉంది. ఆ తెల్లటి దొంతర మీద ఫోన్ పెట్టింది. కింద పెట్టగా ఎవరూ చూడని ఫోన్. బావకు అందేంత దగ్గరగా జరిపింది. కళ్లద్దాలు తీసి దాని పక్కన పెట్టింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు బావ.

ఫోన్ మోగింది. లెక్కల మాస్టారు.

ఆ మోతకు అక్క వీపు ఒక్కసారి బిగుసుకుంది. ఇప్పుడు తిరుగుతుంది అనుకుంది ఆమె. తొమ్మిదేళ్లుగా రెండో రింగు వినని మనిషి.

రెండో రింగు.

మూడో రింగు.

బావ చెయ్యి చాపాడు. ఫోన్ ఎత్తాడు.

"చెప్పండి మాస్టారూ..." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "వస్తుంది. రేపు ఐదింటికే. నేనే తెస్తాను. బండి నంబరా? ఒక్క నిమిషం..."

బండి నంబర్ ఆయనకు తెలియదు. అడగడానికి గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో ఎవరూ లేరు. గేటు గడియ పడిన చప్పుడు.