మెరెరానీలో రెండు గీతలు

“నువ్వు నమ్మాల్సింది సెలస్టీనానే. అనుమానించాల్సిందీ ఆమెనే,” అన్నాడు చీఫ్. “విదేశీ ముఠా కబుర్లు మనకు చేరవేస్తోంది. మన కబుర్లు వాళ్లకు చేరవేస్తోందో లేదో తెలియదు. నాలుగింటికి రాయి అసలైనదని సీలు పడుతుంది. ఆలోగా తేల్చు.”

ఎలిబారికి అనే ఆ ఏజెంట్, రాళ్లకు విలువ కట్టే బీమా కంపెనీ వాల్యుయర్ వేషంలో, కోటు గుండీలో మైకుతో టాంజానియాలోని మెరెరానీ గనుల గోడ లోపలికి వచ్చాడు.

బల్ల మీద పావురం గుడ్డంత టాంజనైట్, ఆ గనుల్లో మాత్రమే దొరికే ఊదా రత్నం, సానపట్టినది. దాన్ని భూమిలోంచి తీసిన లోషీలు అనే మసాయి వృద్ధుడు ఎర్ర దుప్పటి కప్పుకుని మూలన కూర్చున్నాడు. సీలు పడ్డాక ఎప్పుడైనా రాయి నకిలీ అని బయటపడితే, మోసగాడిగా జైలుకు వెళ్లేది అతనే.

“ఆవును కొన్నా ఇంతసేపు పళ్లు చూడం, బాబూ,” అన్నాడు లోషీలు.

“ఆవు ఎదురుగా నిలబడుతుంది, పెద్దాయనా. ఇది ఇప్పుడే లోపలికెళ్లి వచ్చింది.”

కడిగి తూచడానికని రాయిని లోపలికి తీసుకెళ్లింది రత్న పరీక్షకురాలు సెలస్టీనా. ముత్యాల దిద్దులు, పట్టు చేతితొడుగులు, తొణకని కంఠం. అద్దపు ఫిల్టర్ అతని చేతిలో పెట్టింది.

“చూడండి. నకిలీ అయితే పచ్చగా కనిపిస్తుంది. ఇది నారింజ ఎరుపు. అవునా?”

ఎలిబారికికి కనిపించింది బురద రంగు. ఎరుపూ పచ్చా అతనికి పుట్టుకతోనే ఒకటి, ఊదా నీలమూ అంతే. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ సంగతి ఫైలుకెక్కనివ్వలేదు. ఇతరుల నిజాలు తవ్వడం వృత్తిగా చేసుకున్నవాడు తన నిజాన్ని మాత్రం పాతిపెట్టుకున్నాడు. పోయిన వారం హోటల్లో సెలస్టీనా మిరపకాయల పళ్లెం చూపి, పండుది అందుకోమంది. అతని చెయ్యి క్షణం తడబడింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు దేనికో అతనికి ఇప్పుడు తెలిసింది.

“నా కళ్లను నమ్మరా?”

“నమ్మకపోవడానికే నాకు జీతం, మేడమ్.”

భూతద్దం అందుకున్నాడు. రంగుతో పనిలేని పరీక్ష ఒకటి ఉంది. పైముఖంలోంచి అడుగు అంచులను చూడాలి. టాంజనైట్‌లో అంచు ఒకే గీత. విదేశీ కొలిమిలో పోసిన నకిలీలో ప్రతి గీతా చీలి రెండవుతుంది.

గీతలు రెండున్నాయి.

అసలుది ఎక్కడ? అడిగితే ఆమె చెప్పదు. భయపెడితే జాగ్రత్తపడుతుంది. నెగ్గానన్న ధీమాలోనే మనిషి చూపు అదుపు తప్పుతుంది.

“అసలైనదే,” అన్నాడు. “సీలు వేయించండి.”

గుమాస్తా రాయిని సంచిలో వేసి, మూతి కట్టి లక్క కరిగించాడు. సెలస్టీనా కరుగుతున్న లక్కను చూడలేదు, కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ విదేశీ ముఠా తరఫు కొనుగోలుదారు జీపు అప్పుడే కదిలింది.

“గేటు,” అన్నాడు ఎలిబారికి గుండీతో.

ఆ గోడకు ఉన్న గేటు ఒక్కటే. అడ్డుకర్ర జీపు బానెట్‌కు జానెడు దూరంలో దిగింది. ఎలిబారికి గుమాస్తా మణికట్టు పట్టుకున్నాడు. లక్క చుక్క సంచి మీద కాక బల్ల మీద పడింది.

జీపులో డ్రైవర్ భోజనం డబ్బా దొరికింది. డబ్బాలో ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, ముద్దలో రాయి. ఎలిబారికి దాన్ని కడిగి అంచులు చూశాడు. ఒకటే గీత.

“నీ కళ్ల సంగతి మీ చీఫ్‌కు చెబుతాను,” అంది సెలస్టీనా, చేతులకు బేడీలు పడుతుంటే.

“చెప్పండి. నేను చెప్పలేకపోయాను.”

లోషీలు రాయిని అరచేతిలోకి తీసుకుని ఎండకు తిప్పాడు. “చూశారా, వాల్యుయర్ గారూ, ఈ ఊదా! ఇలాంటిది ఎప్పుడైనా చూశారా?”

“ఎప్పుడూ చూడలేదు, పెద్దాయనా.”

ఆ వేషంలో రాయిని చూసి అతడు చెప్పిన మాటల్లో నూటికి నూరుపాళ్లు నిజం అదొక్కటే.