రెండో టేక్

"ఏ జ్ఞాపకం తీయమంటావు?" ఓదెలు తలకు హెల్మెట్ బిగిస్తూ అడిగింది డాక్టర్ వేదవల్లి.

"ఆస్పత్రిది మేడమ్. నర్సమ్మ బయటికొచ్చి, నా మొఖం దిక్కు సూడకుండ పక్కకెళ్లి పోయింది సూడు, గది."

ఓదెలు అన్న అసలు పేరు ఎవరికీ తెలియదు. కంకర అంటే మౌలాలి నుంచి మెహిదీపట్నం దాకా తెలుసు. ప్రాసలు కట్టి ఒకరినొకరు తిట్టుకునే ర్యాప్ బ్యాటిల్‌లో ఎదుటివాడి తాత తాగుడు దగ్గర్నుంచి చెల్లెలి నడక దాకా దేన్నీ వదలని నోరు అది. అలాంటివాడు, విడిచిపోయిన పెళ్లాం మీద తొమ్మిది పాటల ఆల్బమ్ చేస్తానంటే అభిమానులు పడీ పడీ నవ్వారు. "కంకర కరిగిందంట్రా, జల్ది సిమెంటు కలపండి" అన్నారు.

కరగడానికి కారణం ఉంది. కిందటి బ్యాటిల్‌లో ఎదుటివాడు "వారసుడు లేనోడివి" అని ఎగతాళి చేశాడు. జవాబు ఓదెలు నోట్లోంచి తన్నుకొచ్చింది: "నీ మొఖం సూడాల్సొస్తదని నా కొడుకు ఐదో నెల్లనే వాపస్ పోయిండు." హాలు దద్దరిల్లింది. అతని భార్య రవళి ముందు వరుసలోనే నిలబడి ఉంది. ఆ బిడ్డను మోసిన కడుపు ఆమెది. ఈలలు ఆగేదాకా ఆగి, ఇంటికెళ్లి బట్టలు సర్దుకుంది.

"నొప్పంటే నీకు ఎదుటోళ్లకు పెట్టేదే ఓదెలూ. నీకెన్నడన్న అయిందా? అయిందని నాకు ఎర్కైన నాడు వస్త" అని వెళ్లిపోయింది.

అయింది. చెప్పుకోవడమే చేతకాలేదు. మన వాడల్లో మగపిల్లాడికి తిట్టు ఉగ్గుపాలతో పోస్తారు, ఏడుపు మాత్రం గుంజుకుని అటక మీద పెడతారు. అవసరమైన రోజున అటక ఎక్కడం వాడికి తెలిసి చావదు.

అందుకే జలగ దగ్గరికి వచ్చాడు. ఆ యంత్రానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది, జనం పెట్టిన పేరు జలగ. ఏ బాధైనా మెదడులో పారే సన్నటి కరెంటే. తలుచుకుంటున్నప్పుడు అది ఏ దారిన పోతోందో హెల్మెట్ పసిగడుతుంది. దాన్ని లాగి, పాడే గొంతు అడుగున, చెవికి అందని సిగ్నల్‌గా పరుస్తుంది. పాట విన్నవాళ్ల మెదడులో అదే కరెంటు లేస్తుంది. నటన కుదరదు, లేని బాధను జలగ లాగలేదు. లాగింది మాత్రం మనిషిలో మిగలదు.

"బిడ్డల్ని పోగొట్టుకుని మతిచెడిన తల్లుల కోసం చేశాను దీన్ని, పాటలకి కాదు" అని సణిగింది వేదవల్లి. "ఒక జ్ఞాపకానికి ఒక్కసారే. చెడు రక్తం అయిపోయిందని జలగకి తెలీదయ్యా, పట్టినచోటే తాగుతుంది. బాధ కింద ఏముంటుందో తెలుసా?"

"ఏముంటది మేడమ్?"

"దేని కోసం బాధపడుతున్నావో, అది."

పాటకో జ్ఞాపకం, ఒక్కోటీ ఒక్కసారే తీస్తానని మాటిచ్చాడు ఓదెలు. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. నడపడం నేర్పించి, యంత్రాన్ని స్టూడియోలో వదిలి ఆమె వెళ్లిపోయింది.

మొదటి పాట వినగానే సౌండ్ ఇంజనీర్ ఇర్ఫాన్ పెదవి విరిచాడు. "గొంతు బక్కగున్నదన్నా. డబుల్ ఇయ్యి."

డబుల్ అంటే అదే పాటను అదే ఊపులో మళ్లీ పాడి, ఒక గొంతు మీద ఇంకో గొంతు పేర్చడం. ర్యాప్‌లో అది ఉప్పు లాంటిది. డబుల్ లేకుండా పాట వదిలినవాడు లేడు. దాన్ని రెండోసారి పాడటమని ఎవరూ అనరు. టేకూ, డబులూ కలిస్తేనే ఒక టేకు.

"హెల్మెట్ తీసేసి ఇయ్యాల్నా?" అడిగాడు ఓదెలు.

"తీస్తే రెండు గొంతులు కలవవన్నా. ఒకటి ఏడుస్తది, ఇంకోటి చదువుతది."

తొమ్మిది పాటలకూ హెల్మెట్‌తోనే డబుల్ ఇచ్చాడు. నాలుగో పాట అయ్యాక, ఎన్నాళ్లకో ఆకలేసి ప్లేటు బిర్యానీ ఊడ్చాడు. మంచి లక్షణమే అనుకున్నాడు. ఏడో పాట డబుల్ అయ్యాక, రవళి నవ్వితే సొట్ట ఏ పక్క పడుతుందో తలుచుకున్నాడు. ఎడమ పక్క. గుర్తుంది. ఇంటి నంబరు గుర్తున్నట్టు గుర్తుంది.

'ఐదో నెల' పేరుతో ఆల్బమ్ విడుదలైంది. మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు దిగాల్సిన స్టేషన్లు దాటిపోయారు. బిడ్డలే లేనివాళ్లు బిడ్డను పోగొట్టుకున్నారు. సిమెంటు కలపమన్న కుర్రాళ్లు గోడలకు ఆనుకుని వెక్కిళ్లు పెట్టారు.

నాలుగో రోజు పొద్దున రవళి స్టూడియోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇంతగనం అయిందా ఓదెలూ నీకు? నాది ఒక్కటే మోస్తుంటి. ఇప్పుడు నీది గూడ మోస్తున్న" అంది. "ఇంటికి పోదాం పా."

ఈ మాట కోసమే కదా ఇదంతా. పన్ను పీకించుకున్నచోట నాలుకతో తడిమినట్టు ఓదెలు తన లోపలంతా తడిమి చూసుకున్నాడు. గుంట కూడా తగల్లేదు. కుర్చీ వేసి, నీళ్లు ఇచ్చి, పక్క గదిలోంచి వేదవల్లికి ఫోన్ చేశాడు.

"మేడమ్, నా పాట నేనే వింటే నాది నాకు వాపస్ వస్తదా?"

"వినేవాళ్లకి ప్రేమించిన మనిషి ఒకరుంటారు కాబట్టి బాధ నాటుకుంటుంది. నీకూ ఉందిగా, రావచ్చు. ఎన్నిసార్లు తీశావు?"

"ఒక్కసారే మేడమ్. డబుల్‌తోని."

"డబుల్ అంటే?"

చెప్పాడు. "అది రెండోసారే కదయ్యా" అంది అవతల ఆమె. ఫోన్ పెట్టేసింది.

ఓదెలు వచ్చి రవళి పక్కన కూర్చుని మొదటి పాట పెట్టాడు. ఆమె అతని భుజం మీద తల ఆనించి, పాట సాగినంతసేపూ కుమిలి కుమిలి ఏడ్చింది. అతను శ్రద్ధగా విన్నాడు. రెండో చరణంలో డ్రమ్ము జర ఎక్కువైందని గమనించాడు.

రవళి తలెత్తి అతని మొహం చూసింది.

"నీకు ఏడుపొస్తలేదా?"

ఆమెను ఓదార్చాలనే ఆలోచించి, ఉన్నమాట చెప్పాడు.

"నీకొస్తున్నది కద. అది నాదే."