పొరలు విడిన రెక్క

షెడ్డులో పక్కపక్కనే ఉన్న రెండు విమానాల మీద చల్లటి నీటి తుంపర పడగానే రెక్కలు బుస్సుమన్నాయి. ఆవిరిలో మనుషులు కనిపించలేదు.

"అయిపోయింది. నాలుగు రోజులు వీటిని కదపకండి," అంది లోహ శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి గొంతు.

సముద్రం పెరిగి గవ్వలలంకను ఒడ్డు నుంచి తెంపేశాక, ఆ దీవికి దిక్కు మూడు చిన్న విమానాలూ కొన్ని పడవలే. ఉప్పుగాలి ఆ విమానాల్ని తినేస్తోంది. ఇనుముకు పట్టే తుప్పు కంటికి కనిపిస్తుంది. విమానాలకు వాడే అల్యూమినియం మిశ్రలోహానికి పట్టేది మోసకారిది. పైన మెరుపు అలాగే ఉంటుంది. లోపల మాత్రం లోహపు రేణువుల సందుల వెంట పాకి, తడిసిన అట్టలాగా పొరలు పొరలుగా విడదీస్తుంది.

హైమవతి తయారుచేసిన యంత్రం విమానాన్ని విప్పకుండానే ఆ సందుల్ని పూడ్చి, లోహాన్ని ఐదు వందల డిగ్రీల దాకా వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చేది. దాంతో లోహం కొత్తదయ్యేది. చిక్కల్లా ఒక్కటే. చల్లారిన వెంటనే అది మెత్తగా ఉంటుంది. నిన్న పోసిన స్లాబులాగా, గట్టిపడేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి.

మూడో విమానం పాతది, దాని వంతు ఇంకా రాలేదు. దాని ఎడమ రెక్క మొదలు దగ్గర పొరలు విడిపోయాయని స్కానర్‌లో తేలింది. ఎవరూ ఎగరెయ్యకుండా హైమవతే దానికి ఎర్ర పట్టీ కట్టింది.

మర్నాడు పొద్దున తుఫాను దారి మార్చుకుని లంక మీదికి తిరిగింది. ఆసుపత్రి హెడ్ నర్సు ఎస్తేరు, పైలట్ గౌస్ షెడ్డుకు పరుగెత్తుకొచ్చారు.

"డాక్టరమ్మా, పడవలు కట్టేశారు. వార్డులో లేవలేనివాళ్లున్నారు, బాలింతలున్నారు. సాయంత్రానికి నీళ్లు కిటికీల దాకా వస్తాయంట," అంది ఎస్తేరు.

"ఈ రెండూ ఎగరవు ఎస్తేరమ్మా. రెక్కలు వంగిపోతాయి."

"మరి ఆ పాతది?" అడిగాడు గౌస్.

"దాని రెక్కలో ఏమీ మిగల్లేదు గౌస్ గారూ. గట్టి కుదుపు తగిలితే ఊడిపోతుంది."

"తగలకపోతే?"

హైమవతి ఎర్ర పట్టీ కేసి చూసింది.

"మీరు సరేనంటేనే తీస్తాను మేడమ్. కాదంటే అందరం ఇక్కడే కూర్చుందాం," అన్నాడతను.

బయట గాలి రేకుల్ని పీకుతోంది. ఆమె వెళ్లి పట్టీ విప్పింది. ముడి ఓ పట్టాన రాలేదు.

గౌస్ గాలి విసురు తప్పించుకుంటూ, నీళ్లకు దగ్గరగా నడుపుతూ, మళ్లీ మళ్లీ తిరిగి అందర్నీ ఒడ్డుకు చేర్చాడు. ఆఖరి విడతలో హైమవతి కూడా ఎక్కింది. దారంతా ఎడమ రెక్కనే చూస్తూ కూర్చుంది. వాళ్లు దిగిన కాసేపటికే ఆసుపత్రి మునిగిపోయింది.

నీళ్లు తీశాక జనం తిరిగొచ్చారు. ఎత్తు మీదున్న షెడ్డు నిలిచింది. లోపలి రెండు విమానాలూ ఉక్కులా గట్టిపడ్డాయి. కానీ వాటిని ఎక్కేవాళ్లు లేరు. "అవసరానికి మెత్తబడిపోయినవి" అన్నారు. పాతదానికి పసుపు రాశారు, నిమ్మకాయలు కట్టారు. హైమవతి మళ్లీ పట్టీ కడితే ఎవరో తెంపేశారు.

"అది అదృష్టం గౌస్ గారూ. బలం కాదు. ఆ గాలికి పొరలు ఇంకా విడిపోయాయి. దాన్ని యంత్రంలో పెట్టనివ్వండి," అని బతిమాలింది.

"ఆ రోజు పట్టీ విప్పింది మీరే కదా మేడమ్. అంత గాలికి ఊడనిది ఇప్పుడు ఊడుతుందా? దాన్ని ఆపితే జనం నన్ను బతకనివ్వరు."

"అప్పుడు వేరే దారి లేదు!"

ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుంది. "నా వార్డు బిడ్డల్ని మోసిన తల్లమ్మా అది. దాన్ని అనుమానించకు."

టీకాలకని బాలింతల్నీ పిల్లల్నీ గౌస్ ఆ పాత విమానంలో ఒడ్డుకు తీసుకెళ్లిన రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. ఆకు కూడా కదలడం లేదు. సముద్రం మీద ఎడమ రెక్క మొదలంటా విడిపోయింది. ఎవరూ దక్కలేదు.

వాళ్ల దేహాల్ని వెతకడానికి ఒడ్డు నుంచి పైలట్లు వచ్చి షెడ్డులోని రెండు విమానాల్నీ లేపారు. ఒకదాని కిటికీ దగ్గర హైమవతి కూర్చుంది. రెక్క కాస్తయినా వణకలేదు.