వంతెన అవతలి మూడిళ్లు

మనసుకి అంటుకట్టే కొమ్మ ఇంకా చల్లగానే ఉంది. ఇందుమతి దాన్ని గాజుగొట్టంతో సహా రెండరచేతుల మధ్యా పెట్టుకుని, పాలసీసా వేడి చూసినట్టు చెంపకి ఆనించి చూసింది. వెచ్చబెట్టడానికి యంత్రంలో వేరే అర ఉంది. కానీ అక్కడ వెచ్చబడ్డ కొమ్మలు తొందరపడి పట్టేస్తాయి. కట్టించుకున్న మనిషి రెండు మూడు రోజులపాటు నిద్ర లేకుండా లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాడు. అందుకని ఆమె చేతులనే నమ్ముకుంటుంది.

కుర్చీలో ఉన్నది రాజానగరం నుంచి వచ్చిన పుట్టగొడుగుల వ్యాపారి. మెత్తటి మనిషి. అడిగినవాళ్లకల్లా సరుకు అరువిచ్చి రెండుసార్లు మునిగాడట. వస్తూనే తన కూతురి గొంతునొప్పి గురించీ, పిల్ల మందు మింగడానికి పెట్టే పేచీ గురించీ చెప్పుకొచ్చాడు. ఇందుమతి అతని చెవి వెనక పట్టీ అతికించి దాన్లోకి కొమ్మని వదిలింది. యంత్రం మీది దీపం పసుపురంగులోకి వచ్చాక, అంటుకట్టే కేంద్రం నిర్ణయించిన ప్రశ్న అడిగింది.

"పన్నెండిళ్లున్నాయి. నీళ్లు తొమ్మిదిళ్లకే వస్తాయి. ఏ మూడిళ్లు..."

"దూరంగా ఉన్నవి," అన్నాడతను, ప్రశ్న పూర్తి కాకుండానే.

పచ్చదీపం వెలిగింది. అంటు పట్టినట్టే. అతను లేచి కాలరు సర్దుకుని, కూతురి ఊసు మళ్లీ ఎత్తకుండా వెళ్లిపోయాడు.

బయట ఎండ సైరన్ మోగింది. గోదావరి గట్టు మీది దుకాణాలన్నీ తెరలు దించేసుకున్నాయి. ఇక పొద్దు వాలేదాకా, తప్పనిసరి పని ఉన్నవాళ్లు తప్ప, రోడ్డు మీద పురుగు కనబడదు. ఇందుమతి చేతులు తుడుచుకుని తర్వాతి పేరు చూసింది. చూసి, అలాగే నిలబడిపోయింది.

ఓలేటి బేబీ సరోజిని. తలారా స్నానసేవ, రాజమహేంద్రవరం.

రెండేళ్లుగా ప్రతి గురువారం ఆ మనిషి వంతెన దాటి కొవ్వూరులో ఇందుమతి ఇంటికి వస్తోంది. వెంట ఒక అమ్మాయి, భుజాన మడతపెట్టిన రబ్బరు తొట్టి, కేంద్రం కొలిచి ఇచ్చే స్నానకోటా నీళ్ల డబ్బాలు. పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా పడిపోయిన తల్లి రత్నమాణిక్యాన్ని ఇద్దరూ పసిపాపలా ఎత్తి తొట్టిలో కూర్చోబెడతారు. ఇందుమతి ఎన్నిసార్లు ప్రయత్నించినా తల్లి ఆమె చేత నీళ్లు పోయించుకోదు. కూతురు జాకెట్టు హుక్కు మీద చెయ్యి వేస్తే చాలు, పనిచేసే ఎడమచేత్తో గుండెల దగ్గర బట్ట బిగించి పట్టేసుకుంటుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అదే బేబీగారైతే ఏమీ అనదు. ఆవిడ కుంకుడుకాయ రసం పట్టిస్తూ, చుట్టుపక్కల వాళ్ల గొడవలన్నీ చెబుతూ తలంటుతుంటే కళ్లు మూసుకుంటుంది. స్నానం అయ్యాక జుట్టు ఆరేదాకా బేబీగారు పక్కనే కూర్చుని చిక్కులు తీస్తుంది. ఆ కాసేపూ రత్నమాణిక్యం ఎడమచెయ్యి ఆవిడ కొంగు పట్టుకుని ఉంటుంది. కేంద్రం వాళ్ల కొలతల్లో ఆ కాసేపటికి వృథా వ్యవధి అని పేరు.

"ఏవండీ ఇందుగారూ, మీ కొట్టు ఇదేనన్నమాట," అంటూ బేబీ సరోజిని లోపలికొచ్చింది. "ఇక్కడేమో చలిపుడుతోంది. బయట మనుషులు పెనం మీద అట్లలా మాడిపోతన్నారు. ఏం తిన్నారు పొద్దున్న?"

ఎవరింటికెళ్లినా ఆవిడ మొదట అడిగే మాట అదే. ఉప్మా తిన్నానంది ఇందుమతి. తినలేదు.

తలారా వరసగా మూడు రుతువులు, ఏ సేవైనా తన ఖర్చు తానే రాబట్టుకోవాలనే స్వయంభారం గీత దాటలేకపోయింది. కబురు తెలుసుగానీ, బేబీగారిదాకా వస్తుందని ఇందుమతి అనుకోలేదు. దాటడం ఎలాగూ కుదరదు. ఈ సేవ అవసరమైనవాళ్ల దగ్గర ఇచ్చుకోవడానికేమీ ఉండదు. ఇచ్చుకోగలిగినవాళ్లు యంత్రమే ఒళ్లు కడిగే స్నానపేటికలు కొనుక్కున్నారు. ఆవిడ పని నేర్పిన అమ్మాయిలని ఆ పేటికల కంపెనీయే ఎగరేసుకుపోతోంది. విరాళాలిచ్చే పెద్దలు వచ్చిన ప్రతిసారీ పది ఊళ్లలో ఎప్పుడు పెడతారని అడుగుతారు. నీళ్లు పోయించుకున్న ముసలమ్మ ఆ రాత్రి నిద్రపోయిందా అని ఒక్కరూ అడగరు. గీత దాటని సేవకి రెండే దారులు: నడిపే మనిషికి సారథ్యపు అంటు కట్టడం, లేదా స్నానకోటా రద్దు.

"ఏవేం పెడతారేంటి నాకు?" కుర్చీలో సర్దుకు కూర్చుంటూ అడిగింది బేబీ సరోజిని.

ఇందుమతి చెప్పింది. గెలిచిన వ్యాపారుల నుంచి తీసిన మేలుకొమ్మ ఇది. నష్టం వస్తే చలించకపోవడం, దూరం చూడటం, అనుకున్నది వెంటనే చెయ్యడం, కాదనగలగడం.

"ఆ ఆఖర్ది మా ఆయనకి పెట్టుంటే బావుండేది. వానలో నిలబడి కూడా ఎవరడిగితే వాళ్లకి గొడుగిచ్చేసేవాడు."

ఇందుమతి నవ్వలేకపోయింది. పైకప్పులో ఉన్న నిఘా కన్ను వైపు వీపు తిప్పి, గొంతు తగ్గించి చెప్పింది. "బేబీగారూ, ఇది పట్టిందంటే మీరు మీలా ఉండరండి."

"తెలుసండీ. మా తమ్ముడికి కట్టారుగా. పండక్కి ఫోన్ చేస్తాడు, ఎంతో బాగా మాట్లాడతాడు. మీటింగులో మాట్లాడినట్టుంటది."

"తెలిసీ ఎందుకొచ్చారండీ?"

"నేనుంటే అన్నిళ్లూ పోతాయి. నేను పోతే కొన్నయినా ఉంటాయి. దీనికి పెద్ద చదువక్కర్లేదు కదండీ," అంది ఆవిడ. పైట సర్దుకుని, "మీ చేత్తో అయితే కాస్త ధైర్యంగా ఉంటది. కట్టెయ్యండి," అంది.

కట్టే ముందు కూడా ప్రశ్న అడగాలి. మొదలు ప్రతి, అంటే అంటుకి ముందున్న మనసు నకలు, తీసుకోవడానికి అది అవసరం. ఇందుమతి అడిగింది. పన్నెండిళ్లు, తొమ్మిదింటికి నీళ్లు, వదిలేయాల్సిన మూడు.

బేబీ సరోజిని కనుబొమలు ముడిచింది. "ఎవరెవరున్నారండీ ఆ ఇళ్లల్లో?"

"అది ప్రశ్నలో లేదండి."

"లేకపోతే ఎలాగండీ? మంచం దిగలేనోళ్లున్నారో, బాలింతలున్నారో తెలీకుండా ఎలా వదిలేస్తాం? పోనీ, తలో రెండు చెంబులు తగ్గించుకుంటే పన్నెండూ అయిపోవూ?"

ఎర్రదీపం వెలిగింది. యంత్రం ఆవిడ మొదలు ప్రతిని చిన్న గాజుగొట్టంలోకి దించి అరలో పెట్టుకుంది.

మేలుకొమ్మ వెచ్చబడి చాలాసేపయింది. అయినా ఇందుమతి దాన్ని చేతుల్లోనే పట్టుకుని ఉంది. తను తప్పుకుంటే పక్క గదిలోంచి ఇంకొకరొచ్చి, అరలో వెచ్చబెట్టి, రెండు నిమిషాల్లో కట్టేసి పోతారు. చెయ్యి జారిందని గొట్టం పగలగొడితే రేపు మరొకటి వస్తుంది. ఆవిడ కళ్లు మూసుకుని, తలంటించుకునేవాళ్లలా మెడ వెనక్కి వాల్చి కూర్చుంది. ఇందుమతి పట్టీ అతికించింది.

దీపం పసుపురంగులోకి వచ్చాక మళ్లీ అడిగింది. మొదటి రెండు మాటలే బయటికొచ్చాయి.

"వంతెన అవతలి మూడు," అంది బేబీ సరోజిని.

లేచి కొంగు సర్దుకుంది. "థాంక్స్ ఇందుమతి గారూ. చాలా బాగా చేశారు." మధ్యాహ్నం భోజనాల వేళ అది. భోంచేశారా అని ఆవిడ అడగలేదు.

*

గురువారం ఎవరూ రాలేదు. ముందురోజే కబురొచ్చింది, బేబీగారి గొంతుతోనే. ఎంతో మర్యాదగా ఉంది. వంతెన అవతలి సేవని ఆపుతున్నందుకు చింతిస్తున్నామనీ, ఇళ్లవాళ్లు చేసుకోదగిన తడిగుడ్డ స్నానం పద్ధతిని దీనితో జతచేస్తున్నామనీ చెప్పింది.

రత్నమాణిక్యం పొద్దుటి నుంచీ గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. గురువారమని ఆమెకెలా తెలుస్తుందో ఇందుమతికి ఎప్పుడూ అర్థం కాలేదు. మధ్యాహ్నం దాటాక గిన్నెలో ఇంటి కోటా నీళ్లు కాసిని గోరువెచ్చగా కాచి, మెత్తటి గుడ్డ తడిపి మంచం దగ్గరికి తెచ్చింది.

"అమ్మా, ఇవాళ నేను తుడుస్తానే. కళ్లు మూసుకో. బేబీగారనుకో."

తల్లి ఎడమచెయ్యి గుండెల మీద బట్టని బిగించింది. ఇందుమతి ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయింది. విడదీసేకొద్దీ అవి మళ్లీ బిగుసుకున్నాయి. గట్టిగా లాగితే వచ్చేస్తాయి, ముసలి వేళ్లు. లాగలేకపోయింది. మొహం, పాదాలు తుడిచి, మిగిలిన నీళ్లు పారబొయ్యలేక గిన్నె మంచం కిందికి తోసి, నేల మీదే కూర్చుండిపోయింది.

నాలుగు గురువారాలు అలాగే గడిచాయి. గదిలో వాసన మొదలైంది. వీపు మీద ఎర్రగా ఒకచోట చర్మం కమిలింది. వేరే సేవ కోసం అడిగిచూసింది. కొవ్వూరు వైపు స్నానకోటా ఇంకెవరికీ లేదన్నారు.

చివరికి ఒక సాయంత్రం తలారా ఆఫీసుకే వెళ్లింది. గోడలకి కొత్త రంగు వేశారు. బేబీ సరోజిని ఎదురొచ్చి కూర్చోబెట్టింది. గీత దాటామనీ, కాకినాడలో కూడా మొదలుపెడుతున్నామనీ, పనిచేసే అమ్మాయిలు ఇప్పుడు మానడం లేదనీ చెప్పింది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఒక్క మాటకి కూడా ఎదురు చెప్పడానికి లేదు. జుట్టు ఆరేదాకా కూర్చోవడం మానేసరికి రోజుకి ఇంకెన్నో ఇళ్లు కలిశాయట.

"మా అమ్మ వీపు పుండు పడేలా ఉందండి," అంది ఇందుమతి.

"మీ బాధ నాకర్థమైంది. కానీ ఒక్క ఇంటికోసం వంతెన దాటితే ఇవతల ఎంతమంది ఆగిపోవాలో మీరే ఆలోచించండి." ఆవిడ గొంతులో విసుగు లేదు. దయగానే ఉంది. ఆ దయలో చేత్తో పట్టుకోవడానికి ఎక్కడా కొంగు దొరకలేదు.

వెనక్కి వస్తూ వంతెన మీద ఇందుమతి ఒక్కటే ఆలోచించింది. మొదలు ప్రతి తీసుకెళ్లి మళ్లీ ఆవిడకే కట్టలేం. ఒకసారి కొమ్మ పట్టాక కింద ఉన్నది ఎండిపోతుంది. పట్టిన అంటు మీద ఇంకే అంటూ పట్టదు, అదే కొమ్మని ఏడాదికోసారి పదునుపెట్టడం తప్ప. అలా పదునుపెట్టేముందు పాతదాన్ని కాసేపు వదులు చేస్తారు. ఆ కాసేపట్లో మాత్రం, లోపలికి ఏది వెళితే అదే పట్టేస్తుంది. బేబీగారికి ఏడాది తిరగాలి. అంతవరకూ ప్రతి ఉండదు.

*

మొదలు ప్రతిని చెరిపేయమన్న ఉత్తర్వు సోమవారం వచ్చింది. బేబీ సరోజినికి అంటు నిలబడిందని తేలింది కనక పాతదానితో పని లేదట. అదే రోజు, సైరన్ మోగిన తర్వాత, కేంద్రం అధిపతి పరాంకుశం గారు పదును పెట్టించుకోవడానికి వచ్చారు.

స్వయంభారం గీత గీసింది ఆయనే. పన్నెండిళ్ల ప్రశ్న రాసింది కూడా ఆయనే. చెడ్డమనిషని ఎవరూ అనలేరు. పనివాళ్లందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. కుర్చీలో కూర్చుంటూ, సహాయకుణ్ణి వసారాలో ఉండమన్నారు. సంతకాలు చేయాల్సినవి ఉన్నాయట, ఈ రుతువులో రద్దయ్యే సేవలవి.

"మీ చేత్తో కట్టిన అంటులు బాగా నిలుస్తాయని చెబుతారమ్మా," అన్నారు కళ్లు మూసుకుంటూ. "కానివ్వండి."

అరలో రెండు గొట్టాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆయన కొమ్మ. రెండోది ఇవాళ చెరిపేయాల్సింది. ఇందుమతి ఆయన పాత అంటుని వదులు చేసింది. దీపం ఆరిపోయింది. ఏదో ఒకటి వదిలేదాకా అది వెలగదు.

ఒక మనిషిని అడక్కుండా మార్చడం తప్పని ఆమెకి తెలుసు. బేబీగారైనా తెలిసి వచ్చి కూర్చుంది, ఈయనకి తెలీదు. పై కన్ను రాసుకున్నది సాయంత్రానికి ఎవరో ఒకరు చూస్తారనీ తెలుసు. చూస్తే తన ఉద్యోగం పోతుంది, కోటా పోతుంది, మంచం మీదున్న మనిషికి తడిగుడ్డకి కూడా నీళ్లుండవు. ఇదంతా తెలిసినా చెయ్యి వెనక్కి రాలేదు. చెరిపేయాల్సిన గొట్టాన్ని తీసి, రెండరచేతుల మధ్యా పెట్టుకుంది. అది మామూలు కొమ్మలకన్నా త్వరగా వెచ్చబడింది. లేకపోతే ఆమె చేతులే కాలుతున్నాయేమో.

వదిలింది.

పరాంకుశం గారు కళ్లు తెరిచారు. పసుపుదీపం వెలిగింది. ప్రతి ఏడూ ఆయన తన ప్రశ్నకి తానే ముందుగా జవాబు చెప్పేసి నవ్వుతారు. ఇవాళ నవ్వలేదు.

"పన్నెండిళ్లున్నాయి," అంది ఇందుమతి. "నీళ్లు తొమ్మిదిళ్లకే వస్తాయి. ఏ మూడిళ్లు వదిలేస్తారు?"

కొమ్మ వదిలాక ప్రశ్న ఎప్పుడూ అంత పొడుగునా అడగాల్సి రాలేదు. ఆయన పైకప్పు వైపు చూశారు. తర్వాత, మొదటిసారి చూస్తున్నట్టు, ఆమె మొహంలోకి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరెవరున్నారండీ ఆ ఇళ్లల్లో?"

ఎర్రదీపం వెలిగింది. వసారాలో సహాయకుడు కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అది ప్రశ్నలో లేదండి అని చెప్పాలి, నియమం ప్రకారం. ఇందుమతి కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మూడో ఇంట్లో మా అమ్మ ఉందండి," అంది.