పదకొండేళ్ల టకటక

చంద్రుడి మీద శశాంకనగర్‌లో, 2118 నాటికి, కీబోర్డు మీద టైపు చేసే మనిషి ఒక్కడే మిగిలాడు. అతను హైమ మొగుడు శ్రీకర్.

మిగతా లక్షమందీ నుదుటికి ఊహాపట్టీ కట్టుకుని తిరుగుతారు. మనసులో అనుకుంటే చాలు, ఉత్తరం వెళ్లిపోతుంది, తలుపు తెరుచుకుంటుంది, కాఫీ తయారవుతుంది. అందుకే ఊరంతా నిశ్శబ్దం. ఒక్క హైమ ఇంట్లో మాత్రం రోజూ సాయంత్రం రెండు గంటలసేపు టకటకా టకటకా. శ్రీకర్ నవల రాస్తున్నాడు. పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నాడు.

పెళ్లిరోజు ఇంకో వారం ఉందనగా, హైమ ఒక చిన్న డబ్బా పట్టుకుని డాక్టర్ మేరీ సుగుణ వర్క్‌షాపుకి వెళ్లింది. డబ్బాలో ఉన్నవి శ్రీకర్ కీక్యాప్‌లు, అంటే మీటల మీద తొడిగే టోపీలు. నెలకోసారి వాటిని ఊడదీసి చంద్రధూళి పోయేలా కడగడం అతనికి అలవాటు. ఈసారి నేను కడుగుతాలే అని తీసుకొచ్చేసింది.

"మా ఆయనకి కానుకగా కొత్తవి చేయించాలండీ."

"పెట్టు, చదువుదాం," అంది ముసలావిడ.

ఆ కీక్యాప్‌లు మామూలు ప్లాస్టిక్ కాదు. 'స్పర్శస్మృతి' అనే పాలిమర్. రాకెట్ పైలట్ల అలసటను కనిపెట్టడానికి సుగుణ తయారుచేసింది. వేలు పడిన ప్రతిసారీ దాని అణువులు కాస్త కదిలి, ఆ నొక్కుడు బలాన్నీ, వేలి వేడినీ, నాడి వేగాన్నీ తేదీ, వేళలతో సహా దాచుకుంటాయి. పొర మీద పొర, చెట్టు కాండంలో వలయాల్లా. ఆ పొరల్ని చదివే యంత్రం పేరు ఇష్టమాపకం. నచ్చిన పని చేసే వేలు వెచ్చగా ఉంటుంది, మీటను వదలలేక వదలలేక వదులుతుంది. అది చూసి, ఆ మనిషికి ఎలాంటి మీట కావాలో యంత్రం చెబుతుంది.

"మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ చెయ్యి ఆడదమ్మాయ్," అంటూ సుగుణ డబ్బాను యంత్రంలో ఒంపింది. "ఈలోగా రంగులు చూడు."

పింగాణీవి, చంద్రశిలతో చేసినవి, చింతగింజ రంగువి. హైమ ఒక్కొక్కటీ వేలితో నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. "రంగు ఏదైనా ఫరవాలేదండీ. కాస్త మెత్తగా పలికేవి లేవా?"

"మెత్తగానా? మీ ఆయనకి చప్పుడంటేనే ప్రాణం కదా?"

"అంటే... వేళ్లకి సుఖంగా ఉంటుందనీ..." తడబడింది హైమ.

యంత్రం గొంతు విప్పింది. "చదవడం పూర్తయింది. ఈ పనిమీద ఇష్టం నూటికి నాలుగు."

"తొంభై నాలుగేమో, సరిగ్గా చూడు!" అంది సుగుణ.

"నాలుగే. దెబ్బల్లో పదాలు లేవు. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, ఒకే వరుస. ఆరు గంటల తరవాత మాత్రమే. నాలుగేళ్ల కిందట రెండు నెలలు ఒక్క దెబ్బా లేదు."

ఆ రెండు నెలలూ హైమ శిక్షణకని వేరే స్థావరంలో ఉంది. ఆరు గంటలకి ఆమె డ్యూటీ దిగి ఇంటికొస్తుంది. అంటే నవల లేదు. తను చూస్తున్నంతసేపే నాటకం. పదకొండేళ్లు! ఇంకా ఏమేం దాచాడో?

డబ్బా అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడింది.

"నీ నవల్లో ఒక్క పేజీ చదివి వినిపించు."

శ్రీకర్ మొహం పాలిపోయింది. "కీక్యాప్‌లు సుగుణమ్మకి ఇచ్చావా?"

"ఇచ్చాను. నీ ఇష్టం నూటికి నాలుగట!"

"నాలుగొచ్చిందా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"వేళాకోళం వద్దు శ్రీకర్. ఎందుకు చేశావీ పని?"

అతను కూర్చున్నాడు. "గాలి ప్లాంటులో ప్రమాదం గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి? ఆమె పంపుగదిలో ఉండగా పంపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మూడు నిమిషాలు. చావంటే ఏమీ వినపడకపోవడమని ఆమెకి ఆరోజే తెలిసింది.

"ఆ తరవాత ఇంట్లో కాస్త నిశ్శబ్దమైతే చాలు, లేచి గాలిగొట్టం మీద చెయ్యి పెట్టేదానివి, గాలి వస్తోందా లేదా అని. ఒకరోజు మ్యూజియం పాతసామాన్లలోంచి బోడి కీబోర్డు తెచ్చి, సుగుణమ్మ దగ్గర టోపీలు తొడిగించి ఊరికే తట్టాను. నువ్వు చెయ్యి తీసేశావు. నీకోసమే అంటే వద్దంటావని నవల అన్నాను."

హైమకి కళ్లు నిండాయి. వెంటనే, ఆపుకోలేని నవ్వొచ్చింది.

"ఆ భయం పోయి ఎనిమిదేళ్లయింది మహానుభావా! ఎనిమిదేళ్లుగా ఆ టకటకకి నాకు తలనొప్పి. మెత్తటివి కొనిస్తే తగ్గుతుందని వెళ్లాను."

"మరి చెప్పలేదేం?"

"పాపం, నీకదే లోకం కదా అనీ..."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. శ్రీకర్ కీబోర్డును బీరువాలో పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం ఇల్లు హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. హైమ కుర్చీలో వాలి కళ్లు మూసుకుంది. కాసేపటికి అరచేతికి చల్లగా తగిలి కళ్లు తెరిచింది.

ఆమె చెయ్యి గాలిగొట్టం మీద ఉంది.

ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఎదురుగా శ్రీకర్ చూస్తున్నాడు. బీరువా తెరిచి, టోపీల్లేని బోడి కీబోర్డును బల్లమీద పెట్టుకున్నాడు.

టక. టకటక.

హైమ చెయ్యి దానంతటదే కిందికి జారింది. ఆమె ఊహాపట్టీ సర్దుకుని సుగుణని పిలిచింది.

"డాక్టరుగారూ, మెత్తటివి వద్దండీ. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా గట్టిగా పలికేవి చేయండి."

"సరే గానీ అమ్మాయ్, ఆ నాలుగు ఎక్కడిదో తవ్వి చూశాను," సుగుణ గొంతులో ఏదో తేడా. "అదంతా అట్టడుగు పొరలోదే. మొదటిరోజు, ఒక్క సాయంత్రం. ఆ వేళ్ల వేడికి పొర కరిగిందేమో అనుకున్నాను. అంత సంతోషం నా యంత్రం ఇంతవరకూ చదవలేదు. ఏం జరిగిందా రోజు?"

హైమ మొగుడి వేళ్లవైపు చూసింది.

"ఆరోజు నేను చెయ్యి తీశానండీ," అంది.