ముక్క ఎత్తకుండా ఆల్ ఇన్

మెదక్ బస్టాండ్ వెనక ఎరువుల దుకాణం ముందు ఆగి అమరేందర్ అడిగాడు. “డీఏపీ ఉన్నదా?”

“రేగోడ్‌ల అయిపోయింది. గీడ యూరియానే,” అంది కౌంటర్ వెనక నిర్మలమ్మ.

కోడ్ కలిసింది. ఎరువుల వ్యాపారి వేషంలో ఉన్న ఆ ఇంటెలిజెన్స్ చీఫ్ షట్టర్ సగం దించింది.

“ఊరి బయట ఫార్మ్‌హౌస్‌ల ఇయ్యాల పోకర్ ఫైనల్. ట్రోఫీ అడుగున తాళమేసిన అరల మెమరీ కార్డు దాచిండ్రు. మన సరిహద్దు రాడార్ల డిజైన్ మొత్తం అండ్లనే ఉన్నది. బద్దలు కొడితే కార్డు కాలిపోతది. తాళంచెవి గెలిచినోనికే ఇస్తరు. జనార్దన్ అని విదేశీ ముఠా మనిషి, వాడు గెలవొద్దు.”

 అమరేందర్ తమ్ముడు అఖిల్ ఆ సరిహద్దు రాడార్ పోస్టుల్లో ఒకదాంట్లో డ్యూటీలో ఉన్నాడు. రాడార్ గుడ్డిదైతే మొదట పోయేది వాడి ప్రాణమే.

“నీకొక రోగమున్నది,” అంది నిర్మలమ్మ. “చేతికి రెండు ముక్కలు రాంగనే ఊకె కాల్ అని ఎదుటోని పందేనికి సమానం కట్టి ఊకుంటవు. టేబుల్ మీద మూడు ముక్కలు తెరిచేదాక, గా ఫ్లాప్ దాక చూస్త కూసుంటవు. అట్లయితే ప్రతోడు ఆటల ఉంటడు. ఫ్లాప్‌కు ముందే రేజ్ కొట్టి పందెం పెంచు. భయపెట్టి ఎల్లగొట్టు. మన ఏజెంటు ఇషిత నీ భార్య వేషంల పక్కన కూసుంటది.”

మధ్యాహ్నానికి అమరేందర్ శివ్వంపేట ప్లాట్ల బ్రోకర్ అయ్యాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చెవిలో కనపడని ఇయర్‌పీస్. పక్కన పట్టుచీరలో ఇషిత. ఆమె నవ్వితే ఎదుటివాడు ఆట మరిచిపోవాల్సిందే.

సాయంత్రానికి ఆటలో మిగిలింది అమరేందర్, జనార్దన్ ఇద్దరే. నిర్మలమ్మ చెప్పినట్టే అమరేందర్ ఫ్లాప్‌కు ముందే రేజ్ కొడుతున్నాడు. చిత్రంగా, అమరేందర్ చేతిలో ఏస్‌లుంటే జనార్దన్ చల్లగా ముక్కలు పడేసి ఫోల్డ్ చేస్తున్నాడు. చెత్త ముక్కలుంటే మీదమీదకు వస్తున్నాడు. ఒకసారైతే అదృష్టం అనుకోవచ్చు. ప్రతిసారీ అంటే ఎవరో తన ముక్కలు చూస్తున్నారన్నమాటే.

వెనక ఉన్నది గోడ. పైన కెమెరా లేదు. ముక్కలు పంచే డీలర్ రాకేష్ మీదా అనుమానం నిలవలేదు. కానీ ముక్కల మూల ఎత్తిన ప్రతిసారీ ఇషిత చేయి టేబుల్ మీదికి వస్తోంది. వేలికి పచ్చరాయి ఉంగరం. వెంటనే జనార్దన్ కళ్లద్దాలు సర్దుకుంటున్నాడు. ఆ రాయిలో కెమెరా ఉండాలి, బొమ్మ ఆ అద్దాల్లో పడుతుండాలి.

ఇషితా? ఇన్నేళ్లు కలిసి పనిచేసిన మనిషా? 

అమరేందర్ సొంతూరు శివ్వంపేటలో పెళ్లి విడిదిలో మూడు ముక్కల ఆట తీన్ పత్తీ పడితే అతని మేనమామలు ముక్కలు ఎత్తకుండానే బ్లైండ్ ఆడతారు. ఎత్తి చూసేవాడిని పిరికివాడంటారు. అమరేందర్ కొత్త ముక్కలు పడగానే వాటి మీద అరచేయి బోర్లించాడు.

“రేజ్.”

జనార్దన్ ఇషిత వైపు చూశాడు. ఫోల్డ్. మళ్లీ పంచారు. మళ్లీ అరచేయి, మళ్లీ రేజ్. జనార్దన్ చిప్స్ కరిగిపోతున్నాయి.

“ఏం ఆటనయ్యా ఇది? ముక్కలన్న చూడవా?” అన్నాడు చిరాగ్గా.

“మా దిక్కు గిట్లనే ఆడ్తరు సార్. నా చిప్స్ అన్నీ పెడుతున్న, ఆల్ ఇన్!”

రాకేష్ టైమర్ నొక్కాడు. జనార్దన్ నుదుట చెమట పట్టింది. ఇంతసేపూ అద్దాల్లో చూసి ఆడినవాడికి సొంత బుర్ర పనిచేయడం లేదు. టైమర్‌లో చివరి సెకన్లు నడుస్తున్నాయి.

“ఏమండీ, జర చూస్కోండ్రి!” అంటూ ఇషిత అతని అరచేయి పక్కకు నెట్టి చటుక్కున ముక్కల మూల ఎత్తింది. ఉంగరం అటు తిరిగింది. జనార్దన్ ‘కాల్’ అనబోయాడు.

అమరేందర్ ఆమె మణికట్టు పట్టేశాడు. “గీ ఉంగరం ఎవలు కొనిచ్చిండ్రు? నేనైతే కొనియ్యలే.”

ఉంగరం రాయిలో మెరుస్తున్న కెమెరా చూసి రాకేష్ లేచి జనార్దన్ కళ్లద్దాలు లాగాడు. అద్దంలో ముక్కల బొమ్మ ఇంకా వెలుగుతోంది. మోసం చేసినవాడు ఔట్. తాళంచెవి అమరేందర్ చేతికి వచ్చింది. అమరేందర్ ఇయర్‌పీస్‌లో మాట చెప్పగానే బయట ఆగి ఉన్న యూరియా లారీలోంచి పోలీసులు దిగారు.

“ఏ ధైర్యంతోని చేసినవ్ ఇషితా?”

ఆమె తల దించుకుంది. “నువ్వెప్పటిలెక్క ముక్కలు ఎత్తి చూస్కుంట ఫ్లాప్ దాక ఆగుతవనుకున్న.”

నిర్మలమ్మ లోపలికొచ్చి టేబుల్ మీది ముక్కలు తిప్పింది. రంగు కలవని రెండు, ఏడు. పోకర్‌లో ఇంతకన్నా దరిద్రపు ముక్కల జత లేదు.

“గీటితోని ఆల్ ఇన్ అన్నవా?”

“చూసుంటే అనేటోన్ని కాదు మేడమ్.”