తొడుగులో దాగిన నాలుగు సెకన్లు

ఆరు యుద్ధ హెలికాప్టర్లూ ఖాళీ సముద్రం మీద ఒకే చోట, ఎవరూ చెప్పకుండానే, సరిగ్గా నాలుగేసి సెకన్లు ఆగిపోయాయని లోలాక్షి కనిపెట్టింది.

ఒకటి ఆగితే యంత్రదోషం అనుకోవచ్చు. ఆరూ ఆగాయి. నిన్నటి విన్యాసాల్లో శత్రువు వేషం కట్టిన పడవలవాళ్లు ఆ కాస్త వ్యవధిలోనే ఆరింటికీ రంగు తూటాలు కొట్టేశారు. అవి నిజం తూటాలయితే ఆరుగురు పైలట్లూ ఈపాటికి నీళ్లలో తేలుతుండేవారు. ఇంకో తొమ్మిది రోజుల్లో వాళ్లు నిజమైన సముద్రపు దొంగల మీదికి వెళ్లాలి.

"సాయంత్రానికల్లా కారణం తేలాలి. తేలకపోతే మీ చేతి తొడుగులన్నీ కొలిమిలోకే," అన్నాడు దళాధిపతి. అన్నంత పనీ చేసే మనిషి.

ఆ తొడుగు పేరు హస్తజాడ. లోలాక్షి సృష్టి. 2088 నాటికి అది లేని ఇల్లు లేదు. చేయి తిరిగిన మనిషి పని చేస్తున్నప్పుడు అరచేతిలో, వేళ్లలో పుట్టే ఒత్తిడినంతా అది నమోదు చేసుకుంటుంది. తరువాత ఇంకెవరు తొడుక్కున్నా ఆ ఒత్తిడిని వాళ్ల చేతికి అప్పగిస్తుంది. దోసె పలచగా తిప్పడం దగ్గర్నుంచి వీణ మీటడం దాకా జనం అలాగే నేర్చుకుంటున్నారు. కళింగపట్నం తీరదళం మాత్రం దానితో యుద్ధమే నేర్పుతోంది. 'డేగపోరు' అనే వీడియో గేమ్‌లో కూర్చుని నలభై రోజులు ఆడితే చాలు, నాలుగేళ్ల పైలట్ విద్య చేతికొచ్చేస్తుంది. ఆ గేమ్‌కి చేతులిచ్చిన గురువు ఒక్కడే, దాలినాయుడు మాస్టారు. ఆరువందల గంటల పాటు తొడుగు వేసుకుని, గేమ్‌లోనే ఎగిరి, పోరాడి, తన విద్యంతా అందులో పోశాడు.

లోలాక్షి ముందుగా హిమగిరిని పిలిచింది. ఆరుగురిలోనూ అతనే చురుకైన పైలట్.

"ఎందుకు ఆగావు?"

"నానెక్కడ ఆగాను మేడమ్? సెయ్యే ఆగిపోయింది," అన్నాడు తల గోక్కుంటూ. "లైట్‌హౌసు కుడిపక్కకొచ్చి, ఏరు సంద్రంలో కలిసే ఆ ఏటి మొగ దాటగానే సెయ్యి తేలికైపోద్ది. గేమ్‌లోనూ అంతే. అక్కడ శత్రువులు రారు కదా, పాయింట్లు పోవు. ఎవుడు పట్టించుకుంటాడు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంటారు? బాగుంటాది మేడమ్ అక్కడ. మీకు తెలీదేటి?"

లోలాక్షికి తెలుసు.

ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియని కళ్లతో పుట్టింది. పైలట్ పరీక్షకు మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ కళ్ల డాక్టరు గదిలోంచే వెనక్కి వచ్చింది. ఆకాశం ఆమెకు ఆ గేమ్‌లో తప్ప దొరకలేదు. ఏటి మొగ దాటగానే అరచేతిలోంచి బరువంతా జారిపోయే ఆ క్షణం కోసమే ఎన్నో సాయంత్రాలు ఆడింది. అది తన సంతోషమే అనుకుంది. ఎగరడమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

ఇప్పుడు తొడుగు వేసుకుని గేమ్‌లో మళ్లీ ఎగిరింది. ఈసారి ఆనందించడానికి కాదు, కారణం పట్టుకోవడానికి. కుడివైపు లైట్‌హౌసు. కింద ఏటి మొగ. చేయి తేలికైంది. కళ్లు మూసుకుని ఒక్కొక్క వేలినీ విడివిడిగా గమనించింది.

బొటనవేలు రెండుసార్లు కిందికి నొక్కింది.

దాని కింద బొత్తామేమీ లేదు. హెలికాప్టర్‌ను నడిపే నున్నటి కర్ర మాత్రమే ఉంది. యుద్ధ హెలికాప్టర్‌లో ఆ చోట ఏమీ ఉండదు. లోలాక్షి పాత నమూనాల బొమ్మలన్నీ తిరగేసింది. నలభై ఏళ్ల కిందటి ఒకే ఒక్క రకంలో అక్కడ బొత్తాం కనిపించింది. వరదల్లో మనుషులను పైకి లాగే రక్షణ హెలికాప్టర్ అది. ఆ బొత్తాం నొక్కితే తాడు దిగుతుంది.

ఆ తరువాత పాత పటం తీసింది. ఇప్పుడు నీలంగా ఉన్న చోట అప్పట్లో ఒక ఊరు ఉండేది. 2051 తుపానులో సముద్రం దాన్ని మింగేసింది.

మాస్టారు హెలికాప్టర్ల షెడ్డు వెనక కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటున్నాడు. లోలాక్షి తొడుగును ఆయన ఒళ్లో పెట్టింది.

"మాస్టారూ, తాడు ఎవరి కోసం దింపుతున్నారు?"

ఆయన తొడుగు వేళ్లను ఒక్కొక్కటే సర్దాడు.

"ఆ నొక్కు పొరపాటున పడిపోయి ఉంటుంది," అంది ఆమె, దారి చూపిస్తున్నట్టు. "పాత అలవాటు. అలాగే రాస్తాను."

"రాయకు. అలవాటు కాదమ్మా. తెలిసే సేసినాను. ఆరువందల గంటల్లో ఎన్నిసార్లు అటు ఎళ్తే అన్నిసార్లూ ఆగినాను. ఆ తుపాను పొద్దు నా హెలికాప్టర్లో పదకొండు మందున్నారు. ఇంకో మనిషికి సోటు లేదు. ఇందనం లేదు. ఎనక్కొచ్చేమని ఆర్డరు. ఏటి మొగ దాటగానే మా ఇల్లు. మేడ మీద నా పెళ్లాం పైడితల్లి నిలబడుంది, మోకాలి దాకా నీళ్లు. సెయ్యెత్తింది. నాను ఆగలేదు. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, మేడా లేదు. నిన్న ఆ కుర్రోళ్ల మీద రంగు సూసినాక నాకు ముద్ద దిగలేదు. నరికెయ్, ఆ నాలుగు సెకన్లూ నరికెయ్. శిచ్చ ఏదైనా ఏయించు, కాదనను. పాయింట్లు రాని సోటు, ఎవులికీ నష్టం లేదనుకున్నాను. నాను పోయినాక ఆ నీళ్ల మీద ఆగేవోడు ఉండడని, నా సేతుల్తో నేర్సుకున్నోళ్లయినా కాసేపు ఆగుతారని ఆశపడ్డాను. తప్పే. కానీ అమ్మా, ముప్పై ఏడేళ్లయింది. ఆ సెయ్యి నన్ను రమ్మందో, ఆ పదకొండు మందినీ తీసుకుని పొమ్మందో నాకింకా తెలీదు. నాలుగు సెకన్లు ఆగుంటే తెలిసేది."